మూలకణాలపై విద్యుత్ ప్రేరణ

మానవ మూలకణాలకు బలహీనమైన విద్యుత్ క్షేత్రాన్ని అందించి వాటి కదలికను, విభజనను, విభేదనాన్ని ప్రభావితం చేయడాన్ని విద్యుత్ ప్రేరణ అంటారు. స్టెమ్ సెల్స్ అని వ్యవహరించే మూలకణాలు ఎముక, గుండె కండరం, నాడి వంటి ప్రత్యేక కణాలుగా మారడమే విభేదనం. ప్రయోగశాలలో ఈ ప్రభావం స్పష్టంగా కనిపించినా, ఇది ఇంకా సాధారణ చికిత్సగా మారలేదు.

నేపథ్యం

శరీరానికి విద్యుత్తు పరాయిది కాదు. చచ్చిన కప్ప కాలు విద్యుత్తు తగిలితే ముడుచుకుంటుందని ఇటలీకి చెందిన గాల్వానీ 1791లో ప్రకటించాడు. చర్మం తెగినపుడు గాయం వైపు సన్నని విద్యుత్ ప్రవాహం ఏర్పడుతుందని 19వ శతాబ్దంలోనే గుర్తించారు. ఎముకపై ఒత్తిడి పడితే విద్యుదావేశం పుడుతుందని జపాన్ శాస్త్రవేత్తలు ఫుకాడా, యసుదా 1957లో నిరూపించారు. అతుక్కోని ఎముకలకు విద్యుత్ ప్రేరక పరికరాలు వాడడానికి అమెరికా 1979లో అనుమతించింది.

పనిచేసే విధానం

ప్రయోగాలలో తరచుగా వాడే క్షేత్రం మిల్లీమీటరుకు సుమారు 100 మిల్లీవోల్టులు. 1.5 వోల్టుల టార్చి సెల్లు పీడనాన్ని 15 మిల్లీమీటర్ల దూరానికి పరిస్తే వచ్చేది ఇంతే. ఈ క్షేత్రంలో కణత్వచంలోని కాల్షియం మార్గాలు ప్రభావితమై, కణంలోపలి సంకేతాలు మారుతాయి. ఎముక మజ్జ నుండి తీసిన మూలకణాలు ధనధ్రువం వైపు కదలడం గమనించారు. అన్ని కణాలూ ఒకే దిశకు పోవు. కార్నియా పైపొర కణాలు ఋణధ్రువం వైపు కదులుతాయి. లోహపు ధ్రువాలను నేరుగా ద్రవంలో ముంచితే హానికర పదార్థాలు పుట్టి కణాలు చనిపోవచ్చు. అందుకే సముద్రపు నాచు నుండి తీసే అగర్‌తో చేసిన ఉప్పువంతెనల గుండా విద్యుత్తును పంపుతారు.

గుండె కణాల విషయంలో ఫలితం ఎంతో ఆసక్తికరం. 2018లో కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు మానవ మూలకణాల నుండి తయారైన లేత గుండె కణజాలానికి విద్యుత్ స్పందనలను క్రమంగా పెంచుతూ అందించారు. అది మామూలు పెంపకంలో కన్నా చాలా పరిణతి చెందింది.

కన్ను, సున్నం

కార్నియా అంచున ఉండే లింబస్‌లోని మూలకణాలు దాని పైపొరను నిత్యం పునరుద్ధరిస్తాయి. సున్నం, తడి సిమెంటు వంటి క్షారాలు కంట్లో పడితే ఇవి నశించి చూపు పోవచ్చు. కోదాడ చేరువలోని మేళ్ళచెరువు, మిర్యాలగూడ చేరువలోని వాడపల్లి సున్నపురాయి, సిమెంటు పరిశ్రమలున్న ప్రాంతాలు. సూర్యాపేట వంటి పట్టణాలలోనూ తాంబూలపు సున్నం పొట్లం చిట్లి పిల్లల కంట్లో పడే ప్రమాదం ఉన్నదే. అట్లు జరిగితే వెంటనే ధారాళంగా నీటితో కడిగి వైద్యుని వద్దకు తీసుకుపోవాలి.

హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థ వైద్యులు 2012లో ప్రచురించిన పద్ధతిలో మంచి కంటి లింబస్ ముక్కను చిన్న చిన్న భాగాలుగా చేసి దెబ్బతిన్న కంటిపై అమర్చుతారు. ఇందులో విద్యుత్తు పాత్ర ఏమీ లేదు. అయితే గాయపడిన కార్నియాలో సహజంగా పుట్టే విద్యుత్తు పైపొర కణాలను గాయం వైపు నడిపిస్తుందని తెలిసినందున, ఈ రెండు పరిశోధనలూ ఒకే ప్రశ్నకు దగ్గరగా వస్తున్నాయి.

పరిమితులు

విద్యుత్ తీవ్రత, వ్యవధి, కణాల మూలం మారితే ఫలితమూ మారుతుంది. ప్రయోగశాలలన్నిటికీ ఉమ్మడి ప్రమాణం లేదు. నిరూపణ కాని మూలకణ చికిత్సలను ఆమోదిత పరిశోధనలలో తప్ప చేయరాదని భారతీయ వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. విద్యుత్తుతో మూలకణాలను మేల్కొలుపుతామనే ప్రకటనలను ఈ నియమం దృష్ట్యానే చూడవలసి ఉంటుంది.