టర్బో డీజిల్ ఇంజన్: శక్తి, టార్క్ పెంపు

డీజిల్ ఇంజన్‌లో ఎంత ఇంధనం నల్లపొగ లేకుండా మండగలదన్నది సిలిండర్‌లోకి చేరే గాలి ద్రవ్యరాశిపై ఆధారపడుతుంది కాబట్టి, శక్తిని పెంచే ప్రయత్నం ప్రధానంగా గాలితోనే మొదలవుతుంది. ఇంజన్ విడిచే వేడి వాయువులతో టర్బైన్‌ను తిప్పి, అదే ఇరుసుపై ఉన్న కంప్రెసర్ ద్వారా గాలిని ఒత్తి పంపే సాధనం టర్బోచార్జర్. ఈ ఆలోచనకు స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూఖి 1905లో పేటెంట్ పొందాడు. 1920లలో ఈ పద్ధతిని అమర్చిన రెండు జర్మన్ ప్రయాణికుల నౌకల్లో ఇంజన్ సామర్థ్యం 1,750 నుంచి 2,500 హార్స్‌పవర్‌కు పెరిగింది.

ఒత్తిన గాలి వేడెక్కడం వల్ల దాని సాంద్రత ఆశించినంత పెరగదు కనుక, ఇంటర్‌కూలర్ దాన్ని చల్లబరుస్తుంది. ఆ గాలికి తగినంత ఇంధనం ఇంజెక్టర్ల నుంచి అందినప్పుడు పిస్టన్‌పై సగటు పీడనం, తద్వారా క్రాంక్‌షాఫ్ట్‌ను తిప్పే టార్క్ పెరుగుతాయి. శక్తి అంటే టార్క్, భ్రమణ వేగాల లబ్ధం. నిమిషానికి 2,000 చుట్ల వద్ద 300 న్యూటన్ మీటర్ల టార్క్ సుమారు 63 కిలోవాట్లను ఇస్తే, అదే వేగంలో 360 న్యూటన్ మీటర్లు దాదాపు 75 కిలోవాట్లను ఇస్తాయి. తక్కువ వేగంలోనూ తగిన ఒత్తిడి లభించేలా కొన్ని టర్బోచార్జర్లలో టర్బైన్ చుట్టూ కదిలే రెక్కలను అమర్చుతారు.

గాలిని పెంచకుండా ఇంధనాన్ని మాత్రమే పెంచితే నల్లపొగతో పాటు వాయువుల ఉష్ణోగ్రత పెరిగి పిస్టన్లు, టర్బైన్ దెబ్బతింటాయి. రెండింటినీ కలిపి పెంచినా సిలిండర్ పీడనం, క్లచ్, గేర్‌బాక్స్‌ల ఓర్పు, ఉద్గార నిబంధనలు కలిసి ఈ పెంపునకు హద్దును నిర్ణయిస్తాయి.