పిడి పొడవు

అమలాపురమున దసరానాటి చెడీ తాలింఖానా యను ఆయుధవిద్యా ప్రదర్శనను చూడవచ్చినవారి కన్ను సాధారణముగా కత్తి అలుగుమీదనే నిలుచును. కండ్లకు గంతలు కట్టుకొని, నేలపై పరుండిన మనిషిమీద నుంచిన కూరగాయను ఒక్క వ్రేటున ఖండించు వీరుని చూచునపుడు పిడినిగూర్చి యోచించు తీరిక యెవరికుండును? అయినను ఆయుధచరిత్రలో సగము పిడిలోనే యున్నదని నా యభిప్రాయము.

ఆ ఊరి కొంకాపల్లిలో అబ్బిరెడ్డి రామదాసు ఈ తాలింఖానాను నెలకొల్పెనని స్థానికులు చెప్పుకొందురు. అందు త్రిప్పు కర్రకు పిడి వేరుగా లేదు. చేయి పట్టినచోటే పిడి. పట్టాకత్తి అట్టిది కాదు. ముంజేతిని కప్పు ఇనుపతొడుగులో అడ్డముగా అమర్చిన కమ్మిని పిడికిట బిగించినచో, మణికట్టు వంగుటకు వీలుండదు గనుక, దానిని విసరవలసినది భుజముతోనే. నేర్వనివాని చేతిలో అది మొదట వానికే ముప్పు. ఖండా, ఫిరంగీ కత్తులు చేసిన దక్కను కమ్మరులు మరియొక ఉపాయము పన్నిరి: ఒక చేతికి సరిపడు పిడి చివర వంపుతిరిగిన ఇనుపచువ్వను నిలిపిరి. బరువైన వ్రేటు వేయవలసినపుడు రెండవచేయి దానిని పట్టును. కత్తి ఒరలో నున్నపుడు అరచేయి దానిపై విశ్రమించును.

ఐరోపాలో పిస్తోలు పిడికి దీనికి విపరీతమైన చిక్కు వచ్చిపడెను. జాన్ బ్రౌనింగ్ రూపకల్పనతో బెల్జియమునందలి ఎఫ్.ఎన్. వారు 1906లో విడుదల చేసిన 6.35 మిల్లీమీటర్ల పిస్తోలు కోటుజేబులో ఇముడును. అట్లు ఇముడుటకై పిడిని కురుచచేయగా చిటికెనవ్రేలికి చోటే లేకపోయెను. ప్రేలినపుడు పైకి లేచు గొట్టపుమొనను అణచుటకు పిడికిలి అడుగుభాగమే ఆధారము గనుక ఇది చిన్నలోపము కాదు. 1931 నాటి వాల్థర్ పీపీకేలో తూటాల మేగజైన్ అడుగుపలకను ముందుకు సాగదీసి వ్రేలికి ఆసరా కల్పించిరి. కాని ఏ పొడవును తగ్గించుటకై అన్ని పాట్లు పడిరో ఆ పొడవే మరల వచ్చి దుస్తులక్రింద పొడుచుకొని కనబడెను.

ఆ ఆసరానే మడవవలెనను ఆలోచన ఈ చిక్కునుండి పుట్టినదే. కీలుమీద తిరుగు చిన్నపలక, దాచినపుడు పిడి నంటి మడిగి, తీసినపుడు క్రిందికి దిగవలెను. చెప్పుటకు సులభమే. ఆ పలక పిస్తోలు వెనుకకు తన్నినపుడు తనంతట మడిగిపోరాదు, బట్టకు చిక్కుకొనరాదు, మేగజైన్ మార్చువేళ అడ్డురాదు. దక్కను కమ్మరి చువ్వలో కదలు భాగమే లేదు గనుక ఈ బాధలలో ఒక్కటియు అతని నంటలేదు; నడుమున వ్రేలాడు కత్తిని ఎవరికంటను పడకుండ దాచవలెనని అతనిని కోరినవారును లేరు.