చెడ్డ పాట లేని కవులు: ఒక పరిశీలన

పాటలు కట్టినవాళ్లలో ఒక్క చెడ్డ పాట కూడా లేనివాళ్లు ఎవరన్న ప్రశ్న విమర్శకు తగిన ప్రశ్న కాదని కొందరనవచ్చు. అది హోటల్ బల్లల ముందు తేల్చుకునే సంగతి అనీ అనవచ్చు. నేనూ అట్లాగే అనుకునేవాణ్ణి. మక్తల్‌లో మా పదో తరగతి పిల్లలు ఒక మధ్యాహ్నం సినిమా సంగీత దర్శకుల గురించి వాదులాడుకుంటూ, "మీరు చెప్పండి సార్, అన్నీ మంచి పాటలే ఉన్నోళ్లు ఎవరు?" అని నన్ను మధ్యలోకి లాగారు. క్షణం ఆలోచించకుండా "సుద్దాల హనుమంతు" అన్నాను. ఒక పిల్లవాడు వెంటనే, "ఆయన పాటలు మొత్తం ఎన్ని సార్? అన్నీ మీరు సదివిన్రా?" అని అడిగాడు.

నేను చదవలేదు. నాకు తెలిసినవి పదో పన్నెండో. అవి నాకు తెలియడానికి కారణం అవి బతికి ఉండడమే. బతికినవాటిని మాత్రమే విని, ఈ కవికి చావదగ్గ పాటే లేదని తీర్పు చెప్పాను. ఎం.ఎ. తెలుగు చదివి ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నవాడికి ఇది సిగ్గుపడవలసిన విషయమే. అయితే ఈ పొరపాటు నా ఒక్కడిదే కాదు. మన పాటల చరిత్ర పొడుగునా ఇది కనిపిస్తుంది. "చెడ్డ పాట లేదు" అన్న కీర్తిలో కవి చేసిన పని ఎంత, ఆ పాటల్ని మనదాకా మోసుకొచ్చినవాళ్లు చేసిన పని ఎంత అని విడదీసి చూడకుండా మనం విమర్శ రాస్తూ వస్తున్నాం.

అన్నమయ్యతో మొదలుపెడదాం. 1424లో, పదహారో ఏట, సంకీర్తనలు కట్టడం మొదలుపెట్టి 1503లో కన్నుమూసేదాకా ఆయన రోజుకొకటైనా తక్కువ కాకుండా కట్టాడని సంప్రదాయం. మనవడు చిన్నన్న రాసిన ద్విపద ఆ సంఖ్యను ముప్పై రెండు వేలుగా చెబుతుంది. ఆ కుటుంబానికి దేవస్థానం అండ ఉంది, కొడుకు పెద తిరుమలాచార్యుడికి ఐశ్వర్యం ఉంది. అందువల్ల పాటలు రాగిరేకుల కెక్కాయి. తిరుమల గుడిలోని సంకీర్తన భాండాగారంలో చేరి, దాదాపు నాలుగు శతాబ్దాలు పాడేవాడు లేకపోయినా చెక్కు చెదరకుండా ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దంలో వాటిని బయటికి తీసి అచ్చు వేయడం మొదలుపెట్టాక ఇప్పటికి పన్నెండు వేలకు పైగా మనకు దక్కాయి. ఈ సంపుటాలను వరసగా చదివినవాళ్లకు ఒక సంగతి తెలుస్తుంది. గొప్ప పాట పక్కనే సాదా పాట ఉంటుంది. ఒకే పోలిక పది చోట్ల వస్తుంది, ఒకే భావం పల్లవి మార్చుకొని మళ్లీ మళ్లీ తలుపు తడుతుంది. ఇందులో అన్నమయ్యకు తక్కువతనమేమీ లేదు. రోజూ పనికి పోయే మనిషి చేసే పని అట్లాగే ఉంటుంది. రాగికి చెవులు లేవు, అది మంచినీ చెడ్డనూ ఒక్క తీరుగా దాచిపెట్టింది. ఈనాడు కచేరీల్లో, రికార్డుల్లో వినబడేవి ఆ పన్నెండు వేలలో కొన్ని వందలే. వాటిని మాత్రమే విన్నవాడికి అన్నమయ్యకు కూడా చెడ్డ పాట లేదు.

క్షేత్రయ్య కథ దీనికి తలకిందులు. పదిహేడో శతాబ్దపు ఈ పదకర్త తాను ఏ ఆస్థానంలో ఎన్ని పదాలు చెప్పాడో ఒక పదంలోనే లెక్క కట్టాడు. మధుర, తంజావూరు, గోల్కొండ మూడూ ఆ లెక్కలో ఉన్నాయి. గోల్కొండ పాదుషా దగ్గరే పదిహేను వందలట. మొత్తం నాలుగు వేలు దాటుతుంది. మనకు మిగిలినవి నాలుగు వందల లోపే. ఈ మిగిలినవాటిలో ఇది తీసిపారేయదగ్గది అని వేలు పెట్టి చూపగల పదం దొరకడం కష్టం. అప్పుడు తక్కిన మూడు వేల ఆరు వందల పదాలూ ఏమయ్యాయి? పాదుషా ముందు పందెం కట్టి, గడువు పెట్టుకొని చెప్పిన వందల పదాలన్నీ ఇదే ఎత్తున ఉన్నాయా? ఉండవనే నా అభిప్రాయం.

క్షేత్రయ్యకు రాగిరేకులు లేవు. ఆయన పదాలను మోసినవాళ్లు దేవదాసీలు, రాజనర్తకులు. ఆ స్త్రీలకు పాట పూజావస్తువు కాదు, పని. సభలో పాడాలి, అభినయించాలి, ఒక్క పల్లవిని పది విధాల చూపించాలి. అభినయానికి చోటివ్వని పదాన్ని, గొంతుకు ఒదగని పదాన్ని వాళ్లు కూతుళ్లకు నేర్పరు. ఒక్క తరం నేర్పకపోతే ఆ పదం పోయినట్లే. దాదాపు మూడు వందల ఏళ్లు తల్లి నుంచి కూతురికి సాగిన ఈ ఏరివేతలో మిగిలిన పంట ఆ మూడు నాలుగు వందల పదాలు. మద్రాసులో వీణ ధనమ్మాళ్ ఇంట పదాలు పాడిన తీరును సంగీతజ్ఞులు ఇప్పటికీ ప్రమాణంగా చెప్పుకుంటారు. ఆ ధనమ్మాళ్ 1938లో పోయారు. తర్వాత తొమ్మిదేళ్లకు, 1947లో, మద్రాసు రాష్ట్రం దేవదాసీ చట్టం చేసింది. ఆ దురాచారం పోవలసిందే, అందులో రెండో మాట లేదు. అయితే క్షేత్రయ్యను మహాకవిగా నిలబెట్టిన ఆ స్త్రీల విమర్శనా శక్తిని మన సాహిత్య చరిత్రలు ఒక్క వాక్యంలోనైనా ఒప్పుకోలేదు. క్షేత్రయ్య మొదటి విమర్శకులు వాళ్లే. మన పాఠ్యపుస్తకాలు వాళ్ల ఎంపికను అనుభవిస్తూ పేరు మాత్రం కవికే రాస్తాయి.

త్యాగరాజు సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఇరవై నాలుగు వేలని ఐతిహ్యం, చేతికొచ్చినవి ఏడు వందల చిల్లర, మధ్యలో శిష్యుల రాతపుస్తకాలు. ఇది మన దేశపు విశేషమూ కాదు. అమెరికాలో రాబర్ట్ జాన్సన్ అనే నల్లజాతి గాయకుడు 1936, 1937లలో రెండుసార్లు రికార్డింగుకు కూర్చున్నాడు. 1938లో, ఇరవై ఏడో ఏట చనిపోయాడు. మిగిలినవి ఇరవై తొమ్మిది పాటలు. వాటిలో ఒక్కటీ పారేయదగ్గది లేదంటారు. ఊరూరా తిరిగి, సంతల్లో, సారాకొట్ల దగ్గర ఆయన పాడిన మిగతావి మనకు దక్కలేదు.

ఇక మన తెలంగాణకు వద్దాం. సాయుధ పోరాట కాలంలో నల్లగొండ పల్లెల్లో పాట ఎట్లా పుట్టిందో తలుచుకుంటే, జల్లెడ పట్టడం అక్కడ అప్పటికప్పుడే జరిగిందని తెలుస్తుంది. సుద్దాల హనుమంతు గొల్లసుద్దులు, బుర్రకథ వంటి జనం ఎరిగిన రూపాలను తీసుకున్నాడు. గొల్లసుద్దులు వినడానికి కూర్చున్న రైతుకూలీకి ఆ రూపం మంచిచెడ్డలు పుట్టుకతోనే తెలుసు. పాట పట్టుకోకపోతే లేచి పోతాడు. పట్టుకుంటే రెండో చరణానికే వంత అందుకుంటాడు, మరునాడు నాట్లలో పాడుతాడు, వారం తిరిగేసరికి పక్క ఊళ్లో ఇంకెవరో పాడుతుంటారు. ఆ ఊళ్లో కవి పేరు కూడా తెలియదు. పత్రికకు పంపి, సంపాదకుడి ఉత్తరం కోసం ఎదురుచూసే మన కవులకు ఇంత కఠినమైన పరీక్ష లేదు. 1972లో పుట్టిన జననాట్యమండలి ఇదే దారిలో నడిచింది. 2023లో మరణించిన గద్దర్ పాటల బలం చాలావరకు ఆయన జనం గొంతులో నుంచి తీసుకున్న బాణీలదే.

ఇంతవరకు చెప్పింది విని, జనం జల్లెడ ఎప్పుడూ న్యాయంగానే పనిచేస్తుంది, పోయినవన్నీ పోదగ్గవే అని ఎవరైనా అనుకుంటే అది పెద్ద తప్పు. మన ప్రగతిశీల విమర్శలో ఈ తప్పు తరచుగా కనిపిస్తుంది. జనం పేరు ఎత్తగానే మనకు ప్రశ్నలు అడగడం చేతకాదు. బండి యాదగిరి పేరు చెప్పగానే అందరికీ ఒక్క పాటే గుర్తుకొస్తుంది. 1980లో విడుదలైన 'మా భూమి' సినిమాలో గద్దర్ పాడిన పాట అది. హనుమంతు 'పల్లెటూరి పిల్లగాడా' కూడా ఆ సినిమాతోనే పోరాటం ఎరగని తరానికి చేరింది. సినిమాకు కావలసినవి రెండు మూడు పాటలు. అక్కరలేనివి పోరాటకారుల జ్ఞాపకాల్లో ఉండిపోయాయి, ఆ మనుషులు ఒక్కొక్కరే పోయారు. హనుమంతే 1982లో పోయాడు. మా పాత జిల్లావాడే అయిన గోరటి వెంకన్నకు కూడా ఇదే జరిగింది. 2002 నాటి 'కుబుసం' సినిమాకెక్కిన ఒక్క పాట ఆయన తక్కిన పాటలన్నిటికంటే ముందు నడుస్తుంది. 1946, 1951 మధ్య పాట రాసుకున్న కాగితం దొరికితే ప్రాణం మీదికి వచ్చే రోజులు కూడా ఉన్నాయి. అప్పుడు కాల్చేసిన కాగితాల్లో ఏమున్నాయో మంచి చెడ్డల లెక్క ఎవరు చెప్పాలి? పాట చనిపోవడానికి చెడ్డతనం ఒక కారణం మాత్రమే. భయం, వలస, పాడేవాళ్ల కులం, రాయగలిగినవాడి అభిరుచి కూడా కారణాలే.

కాబట్టి ప్రజాకవుల పాటల సంపుటాలు వేసేటప్పుడు ఏరకుండా, దొరికిన ప్రతి పాటా వేయాలన్నది నా వాదం. "అన్నీ ఆణిముత్యాలే" అని ముందుమాట రాసి, తమకు నచ్చని వాటిని చడీచప్పుడు లేకుండా తప్పించే సంపాదకులు కవికి మేలు చేస్తున్నామనుకుంటారు. నిజానికి వాళ్లు కవి ఎట్లా ఎదిగాడో తెలుసుకునే దారి మూసేస్తున్నారు. ఇందుకు మనకు మన గడ్డమీదే ఒక ఉదాహరణ ఉంది. నైజాం తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. అందులో 354 మంది కవులున్నారు. అందరూ మహాకవులని ప్రతాపరెడ్డి ఎప్పుడూ అనుకోలేదు. అవతలివాడు లేరన్నాడు కనుక ఉన్నవాళ్లందరినీ చూపించాలి, అంతే. సాదా కవిని తప్పించి ఉంటే ఆ సంచిక సన్నబడేది, జవాబు కూడా సన్నబడేది. దూరదేశంలో వుడీ గత్రీ 1967లో చనిపోతే, బాణీ తెలియని పాటల కాగితాలు వేల సంఖ్యలో మిగిలాయి. కూతురు వాటిని పారేయకుండా దాచింది. 1998లో వేరే గాయకులు వాటికి కొత్త బాణీలు కట్టి పాడారు.

ఈ వాదం నేను ఇంత గట్టిగా చేయడానికి సొంత కారణం ఒకటి ఉంది. మక్తల్‌కు వచ్చిన కొత్తలో, ఆదివారాలు దగ్గరి ఊళ్లకు పోయి నాట్ల పాటలు రాసుకునేవాణ్ణి. బిరుదురాజు రామరాజు గారి జానపద గేయ పరిశోధన చదివిన ఉత్సాహం అది. ఒక ముసలవ్వ దగ్గరికి ఆరేడు వారాలు పోయాను. ఇక్కడి మాటలో తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసే ఉంటాయి, ఆమె పాటల్లోనూ అంతే. ఒక రోజు ఆమె ఒక పొడుగు పాట అందుకుంది. అందులో ఏ కథా లేదు. పాలమూరు కూలీగా ఆమె పెనిమిటి పోయిన చోట్ల పేర్లు, అక్కడ తవ్విన కాలువ, గుంపు మేస్త్రీ పేరు, ఇచ్చిన బయానా, మళ్లీ ఇంకో ఊరు. నేను కలం కింద పెట్టాను.

"రాసుకుంట లేవేంది సారూ?" అంది.

"ఇందులో పాటేముందవ్వా, అన్నీ ఊర్ల పేర్లే గదా" అన్నాను.

"ఆయన తిరిగినయి గవే గద సారూ" అని ఆమె ఆపకుండా చివరిదాకా పాడింది. నేను మర్యాదకు విన్నాను.

ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గర ఉంది. నలభై ఒక్క పాటలు, అన్నీ మంచివే. ఎవరికి చూపినా ఆ అవ్వ దగ్గర చెడ్డ పాటే లేదంటారు. చివరి పేజీలో నా చేతిరాతతోనే "మరో పదిహేను దాకా పాడింది. సామాన్యం. వదిలేశాను" అని ఉంది. మన తాలూకా మనుషులు ఏ ఏడు ఏ కట్ట మీద రాళ్లు మోశారో చెప్పే కాగితం నేను చాలాచోట్ల వెతికాను, ఎక్కడా దొరకలేదు. అవ్వ పోయింది. పోయిన సంక్రాంతికి ఆమె కోడలి దగ్గరికి పోయి ఆ పాట గురించి అడిగాను. బాణీ తీసి వినిపించింది. ఊర్ల పేర్లు ఆమెకు మొదటి రెండే గుర్తున్నాయి. రాసుకున్నాను.