శస్త్రవిద్యలో యోగ్య

నేను వైద్యవిద్యార్థిగా నున్న దినములలో మొట్టమొదట కుట్టువేసినది ఒక కూలివాని యరచేతికి. కొడవలి తెగి వచ్చినాడు. పై వైద్యుడు ఒక కుట్టు వేసి చూపి, తక్కినవి నన్ను వేయుమని వెడలిపోయెను. నా వ్రేళ్లు వణకినవి. మూడవ కుట్టు విప్పి మరల వేయవలసివచ్చెను. అతడు పండ్లు బిగించి, "పరవాలేదు బాబూ" అని నన్నే యోదార్చెను. ఆనాడు నేను నేర్చుకొంటిని. కాని నా చదువునకు పలక యైనది అతని చేయి. అందుల కతని సమ్మతి నెవ్వరును అడుగలేదు.

శ్రోతలారా! నేర్చువాని తొలి తప్పును ఎవరు భరింపవలెనను నీ ప్రశ్న క్రొత్తది కాదు. సుశ్రుతసంహిత సూత్రస్థానములోని తొమ్మిదవ యధ్యాయము దీనికే యేర్పడినది. ఆ గ్రంథమునకు 878వ సంవత్సరమునాటి తాళపత్రప్రతి యొకటి నేపాళమున నేటికిని గలదు. మూలగ్రంథ మంతకంటె ప్రాచీనము. శాస్త్రమంతయు చదివినను, చేతి యభ్యాసము లేనివాడు కర్మకు పనికిరాడని సుశ్రుతుని మతము. ఆ యభ్యాసమునకే 'యోగ్య' యని పేరు.

కోతకు గుమ్మడి, సొర, పుచ్చ, దోసకాయలు. చీల్చుటకు నీరును బురదయు నింపిన తోలుతిత్తులు. గీయుటకు వెండ్రుకలతో బిగలాగిన చర్మము. సిరను పొడుచుటకు చచ్చిన పశువుల సిరలు, కలువకాడలు. శలాకతో వెదకుటకు పురుగు తొలిచిన కొయ్య, వెదురు. శల్యమును లాగుటకు పనస, దొండ, మారేడుపండ్ల గుజ్జు, మృతపశువుల దంతములు. స్రవింపజేయుటకు బూరుగుపలకపై పూసిన మైనము. కుట్టుటకు సన్నని, దళసరి వస్త్రముల యంచులు, మెత్తని తోలు. కట్లు కట్టుటకు మనుష్యాకారమున చేసిన బొమ్మ.

ఈ పట్టిక నూరక కూర్చినది కాదు. పుచ్చకాయపై కత్తి యెంత లోతు దిగినదో కన్ను చూచును. పురుగు తొలిచిన కొయ్యలో శలాక పోవు త్రోవ కంటికి కానరాదు. దానిని వ్రేళ్లే తెలిసికొనవలెను. ఒక్కొక్క పనికి చేయి తెలిసికొనవలసిన దేదో, దానికి దగ్గరి వస్తువునే ఆచార్యుడు ఎన్నుకొనెను.

ఫ్రాన్సు దేశమున మదాం ద్యు కూద్రే యను మంత్రసాని బట్టతో, తోలుతో గర్భిణీబొమ్మను చేయించి పురుడుపోయుట నేర్పెను. 1759లో పదునైదవ లూయీ రాజు ఆమెను దేశమంతట తిరిగి బోధింప నియమించెను. మనదేశమున 1836లో కలకత్తా వైద్యకళాశాలయందు మధుసూదనగుప్తుడు శవచ్ఛేదనము చేసి క్రొత్త త్రోవ తీసెను. అయినను శవము నెత్తురు కార్చదు. శరీరనిర్మాణమును చూపును గాని, నెత్తుటిలో చేయి నిలుపుట నేర్పదు. కనుక తొలికుట్టు రోగి పాలనే పడుచువచ్చినది.

కడుపుపై చిన్న రంధ్రములు చేసి, తెరపై చూచుచు శస్త్రము చేయు లాపరోస్కోపీ వచ్చిన పిమ్మట ఈ చిక్కు మరింత ముదిరెను. అందు పిడి కుడికి జరిగిన మొన యెడమకు పోవును. ఇట్టి విపరీతమును రోగి కడుపులో నేర్చుట యెట్లు? 2002లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమువారు ప్రకటించిన పరీక్షలో 16గురు శిక్షార్థులు పాల్గొనిరి. కొందరు ముందుగా కంప్యూటరు యంత్రముపై సాధన చేసిరి. పిత్తాశయమును వేరుచేయుటలో సాధన చేసినవారు 29 శాతము వేగముగా పని ముగించిరి. సాధన లేనివారి తప్పులు సుమారు ఆరురెట్లు. మనదేశమునను 2019నాటి క్రొత్త పాఠ్యప్రణాళిక వైద్యకళాశాలలయందు నైపుణ్యశాలలను విధించినది.

సొరకాయకు నొప్పిలేదు, భయము లేదు. అందుచేత యోగ్యతోనే వైద్యుడు పూర్తికాడు. రోగికడ నేర్వవలసినది మిగిలియే యుండును. కాని ముడివేయుట, సూదిపట్టుట మాత్రము అక్కడ నేర్వవలసినవి కావు. నేడు నా విద్యార్థులు నురుగుదిండ్లపై నూరేసి కుట్లు వేసిన పిమ్మటనే రోగిని ముట్టుదురు. విసుగుదలతో ఎవరైన ఇంకెన్నాళ్లని యడిగిన, ఆ కూలివాని మూడవ కుట్టు సంగతి చెప్పుదును.