వీపు మీద చూల్హా, నెత్తి మీద లకడీ

మొన్న డిసెంబర్ సెలవుల్లో మా భాంజా దోస్తులతో కలిసి అనంతగిరి గుట్టలకు క్యాంపింగ్ పోతూ, ఆన్‌లైన్లో తెప్పించిన ఓ స్టీలు డబ్బా తెచ్చి దస్తర్‌ఖాన్ మీద పెట్టాడు. సైజు చూస్తే పాన్‌దాన్ అంత ఉంది. కింద వరసగా సూరాఖులు, పైన అంచు లోపల ఇంకో వరస సూరాఖులు.

"మామూ, ఇది కట్టెల స్టౌ. అర కిలో కూడా లేదు. గుప్పెడు పుల్లలేస్తే చాయ్ అయిపోతది" అన్నాడు ఖుషీగా.

అమ్మీ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "యే తో అపనీ సిగ్డీచ్ హై నా బేటా! ఎంత పెట్టి కొన్నవ్?" అంది. వాడు ధర చెప్పగానే తౌబా తౌబా అని చెంపలు వేసుకుంది. అందరం నవ్వుకున్నాం. కానీ ఆ తర్వాత అమ్మీ అన్న మాటకు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. "మా అమ్మ తుమ్మకంప మోపులు మోసి మెడ వంగిపోయినప్పుడు, ధువాఁకి రాత్రంతా ఖాంసీతో కూర్చున్నప్పుడు ఈ డబ్బా ఏడుందిరా?"

సవాల్ సాదాగానే ఉంది. జవాబ్ కోసం తారీఖ్ పుటలు తిరగేస్తే ఔరంగజేబ్ లష్కర్ నుంచి సూడాన్‌లోని డార్‌ఫుర్ దాకా పోవాల్సి వచ్చింది. ఆ సఫర్ మీతో పంచుకుంటాను.

లష్కర్ మీద కమ్మిన ధువాఁ

ఫ్రెంచ్ హకీమ్ ఫ్రాంస్వా బెర్నియే పేరు మీరు వినే ఉంటారు. 1664 చివర్లో ఔరంగజేబ్ ఢిల్లీ నుంచి లాహోర్ మీదుగా కశ్మీర్ బయల్దేరినప్పుడు ఆ లష్కర్ వెంట తనూ నడిచాడు. చూసిందంతా ఖతుల్లో రాసి పెట్టాడు. బాద్షాకు ఖైమాలు రెండు జతలు. ఒక జతలో బాద్షా ఉంటే, రెండోది ముందే పోయి తర్వాతి మంజిల్ దగ్గర తయారుగా ఉండేది. దాన్నే పేష్‌ఖానా అనేవాళ్లు. ఆ సామాన్ మోయడానికి 60కి పైగా ఏనుగులు, 200 ఒంటెలు, 100 కంచర గాడిదలు, 100 మంది హమాలీలు కావాల్సి వచ్చాయని బెర్నియే లెక్క.

ఇంత షాన్ ఉన్న లష్కర్‌కి సాయంత్రం కాగానే ఒక ముసీబత్ వచ్చేది. వేల మంది ఒకేసారి పిడకలు, పచ్చి కట్టెలు అంటించేవాళ్లు. గాలి లేని రాత్రుల్లో ధువాఁ ఎంత దట్టంగా కమ్మేదంటే, తన ఖైమా ఎటుందో తనకే తెలియక బెర్నియే తికమకపడ్డాడు. అప్పుడు దారి చూపించింది ఆకాశ్ దియా. లష్కర్ మధ్యలో ఎత్తయిన స్తంభం మీద వేలాడదీసిన దీపం అది. అక్బర్ కాలం నాటి ఆయీనె అక్బరీలో అబుల్ ఫజల్ కూడా దాని గురించి రాశాడు.

ధువాఁలో దారి తప్పకుండా ఉండటానికి దీపం కట్టారు. ఆ ధువాఁ ఊదుకుంటూ వంట చేసేవాళ్ల ఊపిరి గురించి మాత్రం ఆ ఖతుల్లో ఏమీ కనబడదు.

మధ్యలో గొట్టం

నిప్పుకు హవా ఎట్లా అందాలో చక్కగా తెలిసిన సామాన్ సమావార్. రష్యాలోని తూలా షహర్లో లిసిత్సిన్ సోదరులు 1778లో సమావార్లు తయారు చేసినట్టు రికార్డు ఉంది. అక్కణ్నుంచి ఆ షహర్ పేరే సమావార్లకు మషూర్ అయింది. ఇరాన్‌లో అది ఇంటింటి సామాన్ అయింది. కశ్మీర్ రాగి సమావార్ అయితే కహ్వాకీ నమ్‌కీన్ చాయ్‌కీ నిషానీ. హైదరాబాద్ ఇరానీ హోటళ్లలో గల్లా పక్కన నిలబడ్డ సమావార్ కూడా ఆ ఖాందానే.

దాని హికమత్ అంతా నడిమి గొట్టంలో ఉంది. గొట్టంలో నిప్పు, చుట్టూ నీళ్లు. వేడెక్కిన హవా గొట్టంలోంచి పైకి పోతుంటే, కింది నుంచి కొత్త హవా దానంతటదే లోపలికి గుంజుకొస్తుంది. ఊదుగొట్టంతో పని లేదు. వేడి కూడా నాలుగు దిక్కులకీ చెదిరిపోకుండా నీళ్లకే అందుతుంది. చితుకులైనా, బొగ్గులైనా చాలు.

ఇదే ఉపాయం ఐర్లాండ్‌లో కెటిల్ రూపంలో కనబడుతుంది. మేయో జిల్లాలో లాక్ కాన్ అనే సరస్సు ఉంది. అక్కడ చేపలు పట్టేవాళ్ల కోసం 1890లలో ప్యాట్రిక్ కెల్లీ రెండు గోడల మధ్య నీళ్లుండే కెటిల్ చేశాడని ఆ ఖాందాన్ చెప్పుకుంటుంది. ఒడ్డున దొరికిన పుల్లలతో, ఈదురుగాలిలో కూడా నీళ్లు మరిగేవి. 1929లో న్యూజీలాండ్‌లో జాన్ హార్ట్ ఇట్లాంటిదే థర్మెట్ అని తీసుకొచ్చాడు. రెండో ప్రపంచ జంగ్‌లో న్యూజీలాండ్ సిపాయిలు దాన్ని ఉత్తరాఫ్రికా రేగిస్తాన్‌కి మోసుకుపోయారు. లిబియాలోని బెంఘాజీ పేరుతో దానికి బెంఘాజీ బాయిలర్ అని ముద్దు పేరు కూడా వచ్చింది.

ఈలోపు 1892లో స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ ప్రైమస్ స్టౌ ఈజాద్ చేశాడు. మన ఇళ్లలో బర్రుమని మోగిన పంపు స్టౌలన్నిటికీ అదే దాదా. కిరోసిన్ పోసి పంపు కొడితే మసి లేని నీలం షోలా. పర్వతాలెక్కేవాళ్లు, ధ్రువాలకు పోయేవాళ్లు దాన్నే నమ్ముకున్నారు. ఆ తర్వాత చిన్న గ్యాస్ డబ్బాలొచ్చాయి. కట్టెల చూల్హా పని ఖతమ్ అనుకున్నారు. కానీ గ్యాసైనా కిరోసినైనా సఫర్ మొత్తానికి సరిపడా వీపు మీద మోయాలి. అయిపోయిన డబ్బాను మళ్లీ కిందికి మోసుకురావాలి. పుల్లలు మాత్రం చాలా చోట్ల దారిలోనే దొరుకుతాయి. అందుకే వీపు బరువు గ్రాముల్లో లెక్కపెట్టుకునే ముసాఫిర్లు మళ్లీ కట్టెల వైపు చూశారు.

ధువాఁ అంటే కాలని లకడీ

ఇప్పుడు మా భాంజా డబ్బా దగ్గరికి వద్దాం. వేడి తగలగానే లకడీ లోంచి ముందు ఆవిరి, తర్వాత మండే గ్యాసులు వస్తాయి. మనం షోలా అని చూసేది ఆ గ్యాసులు మండటమే. వాటికి తగినంత వేడి, తగినంత హవా దొరక్కపోతే కాలకుండానే పైకి పోతాయి. అదే ధువాఁ. అంటే కళ్లు మండించేది, దేగ్చీకి మసి పట్టించేది, ఇంకా కాలాల్సిన లకడీయే. మనం మోసుకొచ్చిన మోపులో కొంత భాగం వంటకి పనికిరాకుండా మన ఊపిరితిత్తుల్లోకి పోతున్నట్టు లెక్క.

1985 నుంచి అమెరికన్ సైంటిస్ట్ థామస్ రీడ్ దీని మీద మెహనత్ చేశాడు. పుల్లలు డబ్బాలో నింపి కింది నుంచి కాకుండా పై నుంచి అంటించాడు. మంట మెల్లగా కిందికి దిగుతుంటే లకడీ వదిలిన గ్యాసులు పైకొచ్చి, అక్కడ కొత్త హవాతో కలిసి మండిపోతాయి. నార్వే ఆయన పాల్ వెండెల్‌బో కూడా యుగాండాలో ఉంటూ వేరేగా ఇదే రాస్తా కనుక్కున్నాడు. ఇప్పటి క్యాంపింగ్ స్టౌలకు రెండు గోడలు ఉండేది అందుకే. కింది సూరాఖుల్లోంచి వచ్చిన హవాలో కొంత నిప్పుకు పోతుంది. కొంత గోడల మధ్య వేడెక్కి, పై సూరాఖుల్లోంచి ధువాఁ మీద పడి దాన్ని మండిస్తుంది.

న్యూయార్క్‌కి చెందిన బయోలైట్ వాళ్లు ఇంకో కదమ్ ముందుకేశారు. చూల్హా వేడి నుంచే కొంచెం బిజిలీ పుట్టించి చిన్న ఫ్యాన్ తిప్పారు. మిగిలిన బిజిలీతో ఫోన్ చార్జింగ్. 2012లో ఆ స్టౌ బజారుకొచ్చింది. అదే సంవత్సరం అక్టోబర్‌లో శాండీ తుఫానుకు న్యూయార్క్‌లో కరెంటు పోతే, వాళ్లు సడక్ మీద ఈ చూల్హాలు పెట్టి జనం ఫోన్లు చార్జ్ చేశారు. అంత పెద్ద షహర్ ఒక రాత్రిలో పుల్లల పొయ్యి దగ్గరికి వచ్చి నిలబడింది.

మన హైదరాబాద్ చూల్హా

ఇక్కడ మన షహర్ పేరు చెప్పకపోతే నాఇన్సాఫీ అవుతుంది. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీలో పనిచేసిన డాక్టర్ ఎస్.పి. రాజు గారు పొగగొట్టమున్న మట్టి చూల్హా తయారు చేశారు. 1953లో పొగ లేని వంటిళ్ల గురించి కితాబు కూడా రాశారు. ఈ ముల్క్‌లో ఆడవాళ్ల ఊపిరి గురించి తొందరగా ఆలోచించిన ఇంజనీర్లలో ఆయన ఒకరు. అయితే ఆ చూల్హా గోడకు కట్టింది. ఇల్లున్న వాళ్లకే అది. ఇల్లే పోయినవాళ్ల సంగతి ఏమిటి?

డార్‌ఫుర్

2003లో సూడాన్ పశ్చిమాన డార్‌ఫుర్‌లో జంగ్ మొదలైంది. 20 లక్షల మందికి పైగా ఇళ్లొదిలి క్యాంపుల్లో పడ్డారు. రేషన్ అందింది, కానీ పచ్చి పిండి తినలేరు కదా. క్యాంపుల చుట్టూ చెట్లు అయిపోయాయి. లకడీ కోసం ఆడవాళ్లు గంటల తరబడి నడిచి పోవాల్సి వచ్చింది. దారిలో హథియార్లు పట్టుకున్న మూకలు. మగవాళ్లు పోతే చంపేస్తారని ఖౌఫ్, ఆడవాళ్లు పోతే అత్యాచారాలు. ఏ ఘర్‌లో ఎవరిని పంపాలి అనే ఫైసలా రోజూ చేయాల్సిందే. పోలేనివాళ్లు తినాల్సిన రేషన్లోనే కొంత అమ్మి లకడీ కొనుక్కున్నారు.

2005 చివర్లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ లాబొరేటరీ నుంచి అశోక్ గాడ్గిల్ అక్కడికి పోయారు. ముంబైలో పుట్టిన సైంటిస్ట్ ఆయన. ఇండియాలో వాడే తారా అనే రేకు చూల్హా కూడా వెంట తీసుకుపోయి అక్కడి ఆడవాళ్లతోనే వంట చేయించి చూశారు. వాళ్ల ఖానా అసీదా. మన జొన్న సంకటి లాంటిది. గుండ్రటి అడుగున్న గిన్నెలో, కట్టెతో జోరుగా కలియబెట్టాలి. ఆ జోరుకు తేలిక చూల్హా ఊగిపోయింది. అక్కడి గాలికి మంట చెదిరిపోయింది. సంకటి కెలికిన చేతులకు ఆ కష్టం చెప్పక్కర్లేదు.

ఆ ఆడవాళ్లు చెప్పిన షికాయత్‌లనే నక్షాగా పెట్టుకుని చూల్హాను మార్చారు. గాలి ఆపే అంచు, గిన్నె కదలకుండా ఆసరా, కలిపేటప్పుడు ఒరిగిపోకుండా గట్టి పట్టు. బర్క్‌లీ డార్‌ఫుర్ స్టౌ అని పేరు పడింది. రేకు ముక్కలు ముంబైలో కోసి చదునుగా పేర్చి పంపిస్తే, డార్‌ఫుర్‌లోని అల్ ఫాషిర్‌లో అక్కడివాళ్లే బిగించేవాళ్లు. ఖర్చు సుమారు 20 డాలర్లు. మూడు రాళ్ల పొయ్యికి పట్టే లకడీలో సగం కంటే తక్కువతో వంట అయ్యేది.

చూల్హా జాలిములను ఆపలేదు. అది తగ్గించింది అడవికి పోవాల్సిన రోజుల్ని. రెండుసార్లు పోయే చోట ఒకసారి పోతే, ఒక బేటీ ఒక రోజు క్యాంపులోనే ఉంటుంది. 2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో మళ్లీ జంగ్ మొదలైంది. ఆ చూల్హాలు బిగించిన అల్ ఫాషిరే తర్వాత ముహాసరాలో చిక్కుకుంది. కాబట్టి ఈ కిస్సా ఖుషీగా ముగిసిందని చెప్పలేను.

ఎవరి బరువు తూచారు?

అమ్మీ సవాల్‌కి నాకు దొరికిన జవాబ్ ఇది. ఈ హికమత్‌లో కొత్త లోహమేమీ లేదు. రేకు, సూరాఖులు, హవాకి దారి, అంతే. షౌక్‌తో కొండలెక్కే మనిషి వీపు బరువును గ్రాముల్లో తూచారు కాబట్టి ఆయన కోసం చూల్హా తేలికైంది. మా నానీ నెత్తి మీది మోపును ఎవరూ తూచలేదు. డార్‌ఫుర్‌లో తూచారు, అందుకే అక్కడ చూల్హా మారింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఇళ్లలోని పొగ వల్ల 2020లో 32 లక్షల మంది చనిపోయారు. తూచాల్సిన మోపులు ఇంకా చాలా ఉన్నాయి.

ఒక జరూరీ మాట. మీ పిల్లలు ఇట్లాంటి స్టౌ తీసుకుపోతే ఖైమా లోపల, మూసిన గదిలో అంటించొద్దని చెప్పండి. పొగ కనబడకపోయినా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగూ వాసనా ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అడవిలో నిప్పు పెట్టే ముందు అక్కడి ఇజాజత్ కూడా కనుక్కోవాలి.

అనంతగిరి నుంచి వచ్చాక భాంజా ఆ డబ్బాను మా ఛత్ మీద అంటించాడు. ఎండు కొబ్బరి చిప్పలు, నాలుగు పుల్లలు. మొదట కొంచెం ధువాఁ వచ్చింది, తర్వాత పై సూరాఖుల్లోంచి చిన్న చిన్న షోలాలు లేచాయి. ధువాఁ మాయమైంది. అలవాటుగా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్న అమ్మీ మెల్లగా తీసేసింది. చాయ్ తాగి, ఖాళీ ప్యాలీ కింద పెట్టి అడిగింది.

"బేటా, దీంట్లో తుమ్మకంప కాలుతదా?"

"కాలుతది నానీ."

అమ్మీ ఇంకేం అనలేదు. డబ్బా చల్లారేదాకా దాని పక్కనే కూర్చుంది.