ముడత మీద వెలుగు

జారిన బుగ్గల్ని బిగించి కుట్టడం నిన్నా మొన్నా వచ్చిన విద్య కాదు. 1901లో బెర్లిన్‌లో ఒక పోలండ్ దొరసానికి చెవుల దగ్గర చర్మం కోసి బిగించానని హోలాండర్ అనే వైద్యుడు తరువాత రాసుకున్నాడు. దొరసానులకేం, తోచక చేయించుకుంటారు అంటారేమో! పారిస్‌లో సుజాన్ నోయెల్ అనే డాక్టరమ్మ దగ్గరికి మాత్రం వడలిన మొహంతో ఉద్యోగం ఊడుతుందని భయపడ్డ ఆడవాళ్లు కూడా వచ్చేవారు. 1926లో ఆవిడ ఈ వైద్యం మీద పుస్తకమే రాసింది. స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడిన మనిషి కూడాను. ముడతలంటే ఉత్త షోకు సంగతని నవ్వే మగవాళ్లకు ఈవిడ గురించి చెప్పాలనిపిస్తుంది నాకు.

ఆ కత్తి చోటికి మెల్లిగా వెలుగు వచ్చింది. 1960లో అమెరికాలో మైమన్ కెంపురాయితో మొదటి లేజరు వెలిగించాడు. 1964లో మన బారామతిలో పుట్టిన కుమార్ పటేల్, అక్కడి బెల్ లేబొరేటరీలో బొగ్గుపులుసు వాయువుతో మరో లేజరు చేశాడు. ఆ కిరణాన్ని నీరు ఇట్టే పీల్చుకుంటుంది. చర్మం నిండా నీరే కదా, పైపొర ఆవిరైపోతుంది. ఆ వేడికి లోపలి కొల్లాజెన్ పోగులు ముడుచుకుంటాయి, పుండు మానుతూ కొత్తవి పుడతాయి. 1990ల్లో అమెరికాలో ఇదే మోజు. వారాల తరబడి మొహం పచ్చిపుండే!

భోగాపురంలో మా పెద్దమ్మకు ఇదంతా చెబితే, "ఏటే అమ్మీ, సొమ్ములిచ్చి మరీ కాల్పించుకుంటారా?" అంది. ఆవిడ పట్టుకున్నదే అసలు సంగతి. లేజరు చేసేది గాయం. బిగించేది మన ఒళ్లే.

అయితే ఎవరి ఒళ్లు? 1975లో ఫిట్జ్‌పాట్రిక్ అనే చర్మవైద్యుడు ఎండకు ఎవరెంత కందుతారో రకాలు కట్టినప్పుడు ముందు తెల్లవాళ్లనే లెక్కలోకి తీసుకున్నాడు. చామనఛాయ, నలుపు తరువాత చేర్చినవి. ముక్కాం తీరాన ఎండలో చేపలమ్మే మనిషి చర్మంలో రంగు ఎక్కువ. కొన్ని లేజర్ల వెలుగును ఆ రంగే పీల్చేసుకుంటుంది. వేడి మీరితే ముడత పోకపోగా నల్లమచ్చ మిగులుతుంది.

2004లో ముగ్గుచుక్కల పద్ధతి వచ్చింది. మొహమంతా కాల్చకుండా సన్నని చుక్కలుగా కాల్చి, చుక్కకూ చుక్కకూ మధ్య మంచి చర్మం వదిలేస్తారు. త్వరగా మానుతుంది, మచ్చల భయమూ తగ్గింది. పోయిందనను.

ఆ తరువాతది లేజరు దారం. గడ్డం కింద మత్తిచ్చి, సూదిమొనంత బెజ్జంలోంచి వెంట్రుకలాంటి గాజుపోగును చర్మం కిందికి పంపుతారు. కొవ్వు కరుగుతుంది, లోపలి పొర ముడుచుకుంటుంది. కుట్లుండవు. వెలుగు పైరంగును దాటి రానక్కరలేదు గనక మనలాంటి వాళ్లకు కొంత మేలే. చెయ్యి తిరగనివాడు చేస్తే లోపల కాలడమూ, నరం దెబ్బతినడమూ ఉన్నాయి. బాగా వేలాడిన చర్మానికి కత్తిలా పనిచెయ్యదు కూడా.

విశాఖ క్లినిక్కుకు వెళ్లే వదినలు ఖరీదు తరువాత అడగండి. మన రంగువాళ్లకు ఎంతమందికి చేశారో ముందు అడగండి. అమ్మాయి పెళ్లి నెలలో ఉందని పరుగెత్తి లాభం లేదు. కొత్త కొల్లాజెన్‌కు నెలలు పడుతుంది, ఫొటోలప్పటికి మిగిలేది వాపే.