చిరియానాథ్ శాపమూ, కొండరాయీ

జోధ్‌పూర్ కోట మీద ఏ గైడు దొరికినా ముందుగా చెప్పే కథ ఒకటే. 1459లో రావ్ జోధా అనే రాథోడ్ రాజు తన రాజధానిని మండోర్ నుంచి మార్చాలనుకుని, దగ్గర్లోనే ఉన్న పక్షుల కొండమీద మెహ్రాన్‌గఢ్ కోట కట్టడం మొదలుపెట్టాడు. ఆ కొండమీద చిరియానాథ్‌జీ అనే సాధువు ఒక్కడూ ఉండేవాడు. ఆయన్ని లేచి పొమ్మన్నారు. పోతూ పోతూ, "నీ కోటకి ఎప్పుడూ నీటికరువే" అని శపించి పోయాడు. రాజు హడలిపోయి సాధువుకి ఇల్లూ గుడీ కట్టించాడు. అదీ చాలదనుకుని రాజారామ్ మేఘ్వాల్ అనే మనిషిని పునాదిలో సజీవంగా పాతిపెట్టించాడు.

రాజారామ్ దళితుడు. తనంతట తానే ముందుకు వచ్చాడనీ, అతని కుటుంబాన్ని తరతరాలూ చూసుకుంటామని రాజు మాట ఇచ్చాడనీ చెబుతారు. కోటలో అతని పేరున ఒక ఫలకం కూడా ఉంది. తనంతట తానే వచ్చాడన్న మాట ఎవరు చెప్పినది? పాతిపెట్టినవాళ్ళు చెప్పినది. పాతిపెట్టబడినవాడికి చెప్పే అవకాశం రాలేదు. ఇది ఐతిహ్యమే, దస్తావేజు కాదు, ఒప్పుకుంటాను. కానీ జరగని పని అయినా సరే, అయిదున్నర శతాబ్దాలుగా దాన్ని త్యాగమని గర్వంగా చెప్పుకోవడం మాత్రం జరుగుతూనే ఉంది.

నేను ఈ కథ మొదటిసారి విన్నది 1987లో. డిఫెన్స్ అకౌంట్స్ ఉద్యోగంలో ఆడిట్ పనిమీద జోధ్‌పూర్ వెళ్ళాను. ఆ సంవత్సరం రాజస్థాన్‌లో ఘోరమైన కరువు. దిగిన అతిథిగృహంలో మనిషికి రోజుకి ఒక్క బక్కెట్టు నీళ్ళిచ్చేవారు. స్నానమూ, బట్టలూ అన్నీ అందులోనే. గోదావరి నీళ్ళు తాగి పెరిగిన నాకు ఆ బక్కెట్టు పక్కన కూర్చుంటే శాపం మాట నిజమేనేమో అనిపించింది. హేతువాద సంఘంలో చేరడానికి అప్పటికి ఇంకా చాలా ఏళ్ళుంది. పైగా బీకాం చదివినవాణ్ణి. రాయంటే రాయే అనుకునే రకం.

మళ్ళీ 32 ఏళ్ళ తర్వాత, 2019 డిసెంబరులో, పదవీ విరమణ చేసి నా సొంత డబ్బుతో వెళ్ళాను. ఈసారి కోట పైకి వెళ్ళకుండా, కోట కిందనున్న రాళ్ళ గుట్టల్లోకి వెళ్ళాను. అక్కడ రావ్ జోధా డెజర్ట్ రాక్ పార్క్ అని ఒకటి ఉంది. 2006లో పని మొదలుపెట్టి 2011లో జనానికి తెరిచారు. సుమారు 70 హెక్టార్లు. పాత నగరం గోడలోని సింఘోరియా పోల్ అనే ద్వారాన్ని బాగుచేసి అందులో సందర్శకుల కేంద్రం పెట్టారు. పార్కు అనగానే పచ్చిక, రంగుల పూలమొక్కలు, ఫౌంటెన్ అనుకునేవారు నిరాశపడతారు. ఉన్నవి రాళ్ళూ, ఎడారి మొక్కలూ, వాటి గురించి చెప్పే బోర్డులూ. ఊరికి నీళ్ళు ఎలా వచ్చేవో తెలుసుకోవాలంటే మాత్రం కోట మీది అద్దాల మహలు కంటే ఈ గుట్టలే మేలు.

పార్కు గైడు పాతికేళ్ళ కుర్రవాడు. మాతోపాటు అక్కడి బడిపిల్లలు ఇరవైమంది దాకా ఉన్నారు. అతను సీసా మూత తీసి కొండరాయి మీద కొంచెం నీళ్ళు పోశాడు. ఇంకకుండా జారిపోయాయి. తర్వాత ద్వారం దగ్గరి ఇసుకరాయి మీద అన్నే పోశాడు. రాయి ముదురు రంగుకి మారింది, కొంత పీల్చుకుంది. పాఠం అంతే. నాకు అరవై దాటాక ఒక సీసా నీళ్ళతో అర్థమైన విషయం ఇది.

వివరంగా చెబుతాను. కోట కట్టినది ఇసుకరాయితో. కోట నిలబడింది మాత్రం రయొలైట్ అనే అగ్నిశిల మీద. సుమారు 75 కోట్ల సంవత్సరాల కిందట ఈ ప్రాంతమంతా అగ్నిపర్వతాల మయం. అవి కక్కిన లావా, మండే బూడిద పొరలు పొరలుగా పడి గట్టిపడ్డాయి. కొన్నిచోట్ల బూడిద ఎంత వేడిగా పడిందంటే రేణువులన్నీ ఒకదానికొకటి అతుక్కుని, అతుకు కనిపించని రాయి అయిపోయింది. పశ్చిమ రాజస్థాన్‌లో దాదాపు 50 వేల చదరపు కిలోమీటర్లు పరుచుకున్న ఈ రాళ్ళని మలానీ అగ్నిశిలలంటారు. చాలా కోట్ల ఏళ్ళ తర్వాత నీళ్ళు తెచ్చిన ఇసుక వాటిమీద పేరుకుని ఇసుకరాయి అయింది. ఈ రెండు రాళ్ళూ కలిసే చోటునీ, ఆ అతుకుడు బూడిదరాయినీ జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా జాతీయ భూగర్భ స్మారకాలుగా ప్రకటించింది.

రయొలైట్‌లో ఇసుకరాయిలో ఉన్నట్టు సన్నని ఖాళీలు ఉండవు. పగుళ్ళున్న చోట తప్ప నీరు లోపలికి దిగదు. కాబట్టి ఆ కొండమీద బావి తవ్వితే నీళ్ళు పడటం అదృష్టం మీద ఆధారపడిన పని. పైగా ఊళ్ళో సంవత్సరానికి సగటున కురిసేది సుమారు 35 సెంటీమీటర్లే, అదీ ఎక్కువగా రెండుమూడు నెలల్లో. చిరియానాథ్ పుట్టకముందే, మనిషన్నవాడే పుట్టకముందే అక్కడ నీటికరువు రాతలో ఉంది. కొండరాతి రాతలో. సాధువు ఆ కొండమీదే బతికినవాడు కదా, అక్కడ నీళ్ళు దొరకవని ఆయనకి అందరికంటే బాగా తెలిసుంటుంది. తెలిసిన విషయాన్ని శాపంగా చెప్పడం పెద్ద మహిమేమీ కాదు.

ఇంకో సంగతి. మార్వాడ్ చరిత్రలో అతి భయంకరమైన కరువు 1899-1900లో వచ్చినది. విక్రమ శకం 1956 కాబట్టి ఛప్పనియా కరువంటారు. అది జోధా కోటని వెతుక్కుంటూ వచ్చిందా? గుజరాత్, బొంబాయి దక్కన్, మధ్య పరగణాలు, మన హైదరాబాద్ సంస్థానం కూడా అదే కరువులో మలమల మాడాయి. వాళ్ళెవరూ ఏ సాధువునీ కొండ దిగమనలేదు.

నన్ను నిజంగా ఆపేసినది ఈ వాదన కాదు, దాని రెండో సగం. నీళ్ళు ఇంకవు అంటే జారతాయి అని అర్థం. జారితే పట్టుకోవచ్చు. బావికి శత్రువైన రాయే చెరువుకి స్నేహితుడు. ఆ సంగతి కోట కట్టినవాళ్ళకి తెలుసు. పార్కులో హాథీ నహర్ అనే పాత కాలువ ఉంది. దానిలోనుంచే దారి వెళ్తుంది. రెండు పక్కలా రాతి గోడలు, కింద రాతి నేల. గుట్టలమీద పడ్డ వానని కోట చెరువులవైపు నడిపించడానికి ఇంత గట్టి రాయిని ఉలితో, సుత్తితో తొలిచారు. మందుగుండు పెట్టి పేల్చిన కాలువ కాదది. కోట పక్కనున్న రాణీసర్ చెరువు జోధా భార్య జస్మాదే హాడీ తవ్వించిందని చెబుతారు. దాని పక్కనే పదమ్‌సర్. చెరువు తవ్వించిన రాణి పేరు మిగిలింది. కాలువ తొలిచిన కూలివాళ్ళ పేరు ఒక్కటీ ఎక్కడా లేదు.

లెక్కల మనిషిని కాబట్టి అక్కడే కూర్చుని చీటీ మీద లెక్క వేశాను. ఒక హెక్టారు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 10 వేల లీటర్లు. 70 హెక్టార్ల మీద 350 మిల్లీమీటర్లు పడితే 24 కోట్ల 50 లక్షల లీటర్లు. ఇదంతా చెరువులకి చేరదు. ఆవిరయ్యేది, గుంటల్లో నిలిచేది పోగా సగమే చేరిందనుకుందాం. మనిషికి రోజుకి 20 లీటర్ల చొప్పున, అంటే 1987లో నాకిచ్చిన బక్కెట్టు కంటే కాస్త ఎక్కువే, 16 వేలమందికి పైగా ఏడాదంతా సరిపోతాయి. 70 హెక్టార్ల బండరాయి చేసే పని ఇది. జోధ్‌పూర్ చుట్టూ ఇలాంటి గుట్టలు ఎన్నో ఉన్నాయి.

ఇక్కడ ఒక మిత్రుడి వాదన చెప్పాలి. "శాపం భయం వల్లే కదా జనం నీళ్ళని జాగ్రత్తగా వాడుకున్నారు, అబద్ధమైనా మేలే చేసింది" అంటాడతను. నేను ఒప్పుకోను. పశ్చిమ రాజస్థాన్‌లో చెరువు పరీవాహక ప్రాంతాన్ని ఆగోర్ అంటారు. ఆగోర్‌లో చెప్పులతో తిరగకూడదు, మలవిసర్జన చేయకూడదు, వానకి ముందు ఊరంతా కలిసి శుభ్రం చేయాలి అని కట్టుబాట్లుండేవి. నీళ్ళని కాపాడినవి ఆ కట్టుబాట్లూ, ఆ చాకిరీ. శాపాన్నే పూర్తిగా నమ్మినవాడు కాలువ తవ్వడు. గుడి కట్టి ఊరుకుంటాడు, లేదా ఇంకొకణ్ణి పాతిపెడతాడు.

పార్కు తయారైన తీరులోనూ రాయి గురించిన పాఠమే ఉంది. పని మొదలుపెట్టేనాటికి గుట్టలన్నీ సర్కారు తుమ్మతో నిండిపోయాయి. మన పల్లెల్లో చెరువు గట్లని ఆక్రమించినది కూడా అదే. అమెరికా ఖండాల నుంచి వచ్చిన చెట్టు. మహారాజు ఉమేద్‌సింగ్ విమానంలోంచి గింజలు చల్లించాడని అక్కడ చెప్పుకుంటారు. కొడితే మళ్ళీ మొలుస్తుంది, మొదలుతో సహా తీయాలి. రాతిలో దిగిన మొదలుని తీయడమెలా? సినిమా దర్శకుడిగా ఉండి చెట్ల మీద పుస్తకాలు రాసే పనిలోకి వచ్చిన ప్రదీప్ క్రిషన్ ఈ పార్కుకి పూనుకున్నాడు. యంత్రాలతో కాని పనిని ఖండ్వాలియాలు చేశారు. వీళ్ళు తరాలుగా ఇసుకరాయి గనుల్లో రాయి కొట్టేవాళ్ళు. సుత్తితో తట్టి, చప్పుడు విని, రాయిలో పగులు ఎటు పోతోందో చెప్పగలరు. పగులు వెంబడి ఉలి దింపి తుమ్మ మొదళ్ళు పెకలించారు. ఆ గుంటల్లోనే థోర్ అనే జెముడు, కుమటియో వంటి అక్కడి మొక్కలు పెట్టారు. పగులున్న చోటే వేరు దిగుతుంది, పగులున్న చోటే నీరు దిగుతుంది. బడికి పోని మనిషి చెవికి ఇది తెలుసు. భూగర్భశాస్త్రాన్ని పుస్తకాల్లోంచే నేర్చుకోవాలనుకోవడం నాబోటి వాళ్ళ పొరపాటు.

తిరుమల గుర్తొచ్చింది నాకు. అక్కడా రెండు జాతీయ భూగర్భ స్మారకాలున్నాయి. ఒకటి శిలాతోరణం. రెండోది ఘాట్ రోడ్డు పక్కన కనిపించే రాతి పొరల అతుకు. అక్కడ కింది గ్రానైటుకీ పై క్వార్ట్‌జైటుకీ మధ్య కొన్ని పదుల కోట్ల ఏళ్ళ ఖాళీ ఉంది. రోజూ వేలమంది ఆ మలుపు మీదుగా గోవింద కొడుతూ పోతారు. శిలాతోరణం దగ్గర ఫోటో దిగి, దానికి కట్టిన పురాణ కథ విని వస్తారు. గాలీ నీరూ కలిసి ఆ కమానుని ఎలా చెక్కాయో చెప్పే మనిషి అక్కడ నాకెప్పుడూ కనిపించలేదు. ఒక సీసా నీళ్ళు పట్టుకుని నిలబడే కుర్రవాడు అక్కడ కూడా ఉండాలి.

జోధ్‌పూర్ కుర్రవాణ్ణి ఒక పిల్ల అడిగింది: "అయితే శాపం లేదా భయ్యా?" అతను కాసేపు ఆగి, "శాపం సంగతి నాకు తెలీదు, రాయి సంగతి మాత్రం ఇది" అన్నాడు. లేదని సూటిగా అనుంటే బాగుండేదని నాకు అనిపించింది. ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది. కానీ పిల్ల వెంటనే తన సీసా తీసి ఇంకో రాయి మీద పోసి చూసింది. వెనకాల నలుగురు పిల్లలు అదే పని చేశారు. టీచరమ్మ నీళ్ళు వృథా చేయొద్దని అరిచేదాకా సాగింది.

ఆ సాయంత్రం పాత ఊళ్ళో ఒక బట్టల కొట్టు ముందు నీళ్ళ పంపు ఆడుతుంటే ఆగాను. నేలమాళిగలో ఊరిన నీళ్ళని మోటారుతో తోడి కాలవలోకి వదులుతున్నారు. 1990ల చివర్లో ఇందిరాగాంధీ కాలువ నుంచి హిమాలయాల నీళ్ళు ఎత్తిపోతలతో ఊరికి చేరాయి. పాత మెట్లబావుల నుంచి తోడుకోవడం జనం మానేశారు. వాడిన నీరు, పైపుల్లో కారే నీరు భూమిలోకి దిగుతుంటే, తోడేవాళ్ళు లేక భూగర్భ జలమట్టం పైకి లేచింది. శాపం ఉన్న ఊళ్ళో ఇప్పుడు నేలమాళిగలు మునుగుతున్నాయి. కొట్టు యజమానిని శాపం గురించి అడిగాను. ఆయనకి కథ పూర్తిగా వచ్చు, చిరియానాథ్ గుడి ఎక్కడుందో కూడా చెప్పాడు. తర్వాత మోటారుకి నెలకి కరెంటు బిల్లు ఎంతవుతోందో చెప్పడం మొదలుపెట్టాడు.